ఉకాయ్ గారు పంపిన పీచ్ పళ్ళు

ఆ ఉదయం రిత్సుకో ఎర్ర బొబ్బర్లు కలిపిన అన్నం వండుతోంది. ఇంట్లో ఏదైనా శుభం జరిగితే తప్ప ఆ అన్నం పొయ్యి ఎక్కదు. కూతురు మినోరికి డాక్టరేట్ వచ్చిన రోజున వండింది. మళ్ళీ వండే యోగం పట్టేసరికి ఆ పిల్లకు ముప్ఫై ఏడేళ్ళు నిండాయి.

ముందు రోజు సాయంత్రమే కబురు వచ్చింది. ఒసాకాలోని ఒక పరిశోధన సంస్థ మినోరికి ఉద్యోగం ఇచ్చింది. ఇదీ గడువున్న ఉద్యోగమే, కానీ ఐదేళ్ళ గడువు. ఆ పైన అక్కడే నిలదొక్కుకొనే అవకాశం కూడా ఉంది. అన్నిటికీ మించి తకత్సుకిలోని ఈ ఇంటి నుంచి ఒక్క రైలు ఎక్కితే చాలు. ఇంతకుముందువి అలా కావు. జర్మనీలో కొన్నాళ్ళు, సెందాయ్‌లో కొన్నాళ్ళు, ఆ తరవాత ఇంకో చోట. వాటిని పోస్ట్‌డాక్ అంటారట. రిత్సుకో మాత్రం పెట్టె ఉద్యోగాలు అనేది. పెట్టెలో బట్టలు బీరువాలోకి చేరేలోపే గడువు తీరిపోయేది. ఆ తిరుగుడులో ఒక మంచి కుర్రాడు కూడా చేజారిపోయాడు. అతని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మినోరి చదువేమిటో రిత్సుకోకు లెక్కలుగా తెలియదు, మాటలుగా తెలుసు. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఒకచోట చేరితే ఏం చేస్తాయో కాగితం మీద తేల్చడం. ఒక్కొక్కటీ విడిగా చాలా బుద్ధిమంతురాలట. గుంపులో పడితే దాని నడత మారిపోతుందట. భర్త సదయోషి కూడా యూనివర్సిటీలో అదే చెప్పి చెప్పి, పాఠం చెప్పే వయసు దాటాక రిటైరయ్యాడు.

ఆ సదయోషి ఇప్పుడు పేపర్ అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

"ఏమండీ, ఆ పేపర్ కాస్త దించి ఓసారి నవ్వొచ్చుగా? నవ్వుకి పన్నేం వెయ్యలేదు."

"ఊఁ."

"పిల్లకి ఉద్యోగమొస్తే ఎవరో పోయినట్టు ఆ ముఖమేంటి?"

"ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడు సదయోషి.

"ఎండ బయటండీ. మీరు లోపల కూర్చున్నారు."

రిత్సుకో ఒసాకాలో సముద్రపు నాచు అమ్మే కొట్టువాళ్ళ పిల్ల. నోరు మూసుకొని పెరగలేదు. సదయోషి మంచు కురిసే నీగాతా మనిషి. నోరు తెరిచి పెరగలేదు. ఇద్దరి మాటలూ రిత్సుకోయే ఆడుతూ నలభై ఏళ్ళ సంసారం లాక్కొచ్చింది.

అంతలో గుమ్మం దగ్గర గంట మోగింది. చల్లటి పెట్టె ఒకటి చేతికిచ్చి డెలివరీ మనిషి వెళ్ళిపోయాడు. లోపల తెల్ల పీచ్ పళ్ళు, ఒక్కొక్కటీ మెత్తటి గూట్లో పెట్టి ఉన్నాయి. వేలితో కాస్త గట్టిగా తాకితే కందిపోయే జాతి. పైన కాగితం మీద ఉకాయ్ పేరు. సదయోషి దగ్గర చదువుకున్న శిష్యుడు అతను. ఇప్పుడు ఆ ఒసాకా సంస్థలో సిద్ధాంత విభాగానికి అతనే పెద్ద. ఏటా వేసవి కానుకగా పళ్ళు, సంవత్సరం చివర పొగపెట్టిన పంది మాంసం, అదే హామ్, పంపడం ఎన్నడూ తప్పలేదు.

కానుక అందిన రోజే ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాలి. అది ఇంటి ఇల్లాలి పని. మగవాళ్ళు కలిసినప్పుడు ఎలక్ట్రాన్ల గురించి మాట్లాడుకొనేవారు. మిగతా లోకమంతా ఈ ఫోన్ల మీదే నడిచేది. రిత్సుకోకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు, అందుకని ఎప్పుడూ స్పీకర్ పెట్టుకొని మాట్లాడుతుంది. ఆ రోజూ అలాగే ఫోన్ బల్ల మీద పెట్టి, గరిటె చేత్తో పట్టుకొనే మాట్లాడింది. అవతల ఉకాయ్ భార్య ఎత్తింది.

"అయ్యో, మీరు ఫోన్ చెయ్యడమేంటండీ! మేం చెయ్యాలి గానీ. అమ్మాయి సంగతి విన్నాం. మావారికి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయిందనుకోండి."

"బరువేంటండీ?"

"అదేనండీ, చలికాలంలో గురువుగారి దగ్గర్నుంచి కబురొచ్చినప్పటి నుంచీ ఆయనకి అదే ధ్యాస. ప్రకటన వెయ్యాలి, నలుగురినీ పిలవాలి, అడిగినట్టు అడగాలి, ఆ తతంగం తప్పదు కదా. మధ్యలో సప్పొరో నుంచి వచ్చినాయనెవరో మరీ బాగా మాట్లాడేశాడట. మావారు కంగారుపడిపోయారు. ఎలాగో సర్దారు లెండి."

రిత్సుకో చేతిలో గరిటె ఆగిపోయింది. తలెత్తి చూస్తే మెట్ల మీద మినోరి నిలబడి ఉంది. నిద్రబట్టలు, దువ్వని జుట్టు. నిన్న సాయంత్రం ముఖం మీదికి వచ్చిన నవ్వు ఇంకా అక్కడే ఉంది, కానీ దాని వెనక మనిషి లేదు.

"పళ్ళు చాలా బాగున్నాయండీ," అంది రిత్సుకో ఫోన్లో. అలవాటైన నోరు అది, దానంతట అదే అంది. అని, పెట్టేశాక తన మీద తనకే రోత పుట్టింది.

మినోరి మెట్లు దిగి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా. నువ్వు చెప్పావా?"

సదయోషి పేపర్ మడిచాడు.

"సప్పొరో నుంచి వచ్చింది ఎవరో తెలుసా? నెమొతో. మన నెమొతో."

రిత్సుకోకు తెలియకపోవడమేమిటి. మినోరితో కలిసి చదువుకున్నవాడు. సెలవుల్లో ఈ ఇంటి చాప మీదే పడుకొని, పొద్దున్నే సిగ్గుపడుతూ గిన్నె ముందుకు జరిపి మళ్ళీ అన్నం అడిగేవాడు. ఇప్పుడు అతనికి పెళ్ళయింది, పాకే వయసు పిల్ల ఉంది. వచ్చే మార్చితో ఉద్యోగం గడువు తీరిపోతోంది.

"వాణ్ని బోర్డు దగ్గర నిలబెట్టి చీల్చి చెండాడారు, బయట కూర్చున్న నాకు అంతా వినపడింది," అంది మినోరి. "ప్రతి గీతకీ ఎందుకు, ఎలా అని. వాడు చెమటలు కక్కుతూ అన్నిటికీ జవాబు చెప్పాడు. తరవాత నా వంతు. నన్ను అడిగినవి ప్రశ్నలు కావు నాన్నా, పలకరింపులు. అప్పుడే అనుమానం రావాలి నాకు. నా లెక్క అంత బాగుంది కాబోలనుకున్నా, గాడిదని! బయటికొచ్చాక వాడే నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. నీదే బాగుంది, నీకే వస్తుంది అన్నాడు. పిల్ల ఫొటో చూపించి సప్పొరో ఫ్లైట్ ఎక్కాడు."

సదయోషి పేపర్ అంచు వేలితో సరిచేస్తున్నాడు. ఆ వేలిని చూస్తుంటే రిత్సుకోకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న ఏవగింపంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"మాట్లాడరేం? ఎలా మాట్లాడతారు! నాకు తెలియదనుకున్నారా మీ సంగతి? ఆ లోపలి గదిలో మీరూ మీ పెద్దలూ బీరు తాగుతూ, ఉప్పు చిక్కుళ్ళు నములుతూ ఏం చేసేవారో నేను చూడలేదా? పేరు ముందు, ప్రకటన తరవాత! మనిషి కొలతలు తీసుకొని చొక్కా కుట్టినట్టు ప్రకటన రాసేవారు. పాపం, ఎక్కడెక్కడి పిల్లలో కొత్త బూట్లేసుకొని రైళ్ళెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళని చూసి జాలి కూడా పడేవారు కాదు. మళ్ళీ పొద్దున్నే క్లాసులో సత్యం, ప్రకృతి, నియమం అని పాఠాలు! ఛీ! నలభై ఏళ్ళు మీ ఎంగిలి గ్లాసులు కడిగాను. కడిగిన చేతులు ఇవాళ కంపు కొడుతున్నాయి. చివరికి కన్న కూతుర్ని కూడా ఆ బురదలోకే దించారా?"

"అమ్మా, ఆగు," అంది మినోరి.

"ఎందుకాగాలి? దీని ముఖం చూడండి ఓసారి! మీ పలుకుబడి చూసుకొని మురుద్దామని దీని బతుకుతో ఆడుకుంటారా?"

"నేను ఫోన్ చెయ్యలేదు," అన్నాడు సదయోషి.

"మరెవరు చేశారు, దెయ్యమా?"

అతను తలెత్తి భార్య వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే రిత్సుకోకు దిగులు లేకపోయేది. కోపం లేదు. చెప్పనా వద్దా అని తటపటాయింపు ఉంది. దాన్ని చూసి ఆమెకు మొదటిసారి భయం వేసింది.

"ఫిబ్రవరిలో ఒక విందులో ఉకాయ్ కనిపించాడు," అన్నాడు మెల్లగా. "అమ్మగారు ఫోన్లో చెప్పింది గుర్తుంది, మీరు నిశ్చింతగా ఉండండి గురువుగారూ, అన్నాడు. నేను చెప్పించాననుకున్నాడు."

వంటింట్లో అన్నం ఉడికిన వాసన వస్తోంది. రిత్సుకో నోరు తెరిచింది.

"అది... ఊరికే, మాటవరసకి..."

కానీ అది ఊరికే అన్న మాట కాదు. డిసెంబరులో హామ్ వచ్చిన రోజున, ఇదే బల్ల దగ్గర నిలబడి, భర్త స్నానానికి వెళ్ళేదాకా ఆగి ఫోన్ చేసింది. ఆ రోజు స్పీకర్ కూడా పెట్టలేదు, మంచి చెవికి ఆనించుకొని మాట్లాడింది. ఏమనాలో ముల్లంగి తరుగుతూ మనసులో ముందే కూర్చుకుంది. చలి గురించీ, హామ్ రుచి గురించీ చెప్పాక, గొంతు తగ్గించి, మా పిల్ల ఇంకా పెట్టె మోస్తూనే ఉందండీ, మీ దరిదాపుల్లో ఎక్కడైనా ఉంటే మా ఇద్దరికీ ప్రాణం కుదుటపడేది, అంది. అవతల ఉకాయ్ ఒక క్షణం ఆగి, "అర్థమైంది అమ్మగారూ," అన్నాడు. ఆ మాటకు ఆమె గుండె గంతేసింది. ఆ గంతు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని అణిచిపెట్టి, ఆ తరవాత అసలేమీ జరగనట్టు ముల్లంగి పులుసు పెట్టింది.

సింకు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ గట్టు మీద ఆనించి నిలబడింది. ఇంతసేపూ భర్తను దులిపేసిన నోరు ఇదే, ఆ కబురు పంపిందీ ఇదే నోరు. బీరు గ్లాసులు కడిగిన ఆడదాన్ని, నాకేం తెలుసు అనుకుంటూ బతికింది. తెలియక కాదు, ఎవరికి ఏ మాట ఎంత మెల్లగా చెప్పాలో ఆ గదిలో వాళ్ళకంటే బాగా నేర్చుకుంది.

"నువ్వా, అమ్మా?" అంది మినోరి వెనకనుంచి.

"నేనే," అంది రిత్సుకో గోడ వంక చూస్తూ. "నేనే చెప్పాను. కావాలనే చెప్పాను."

మినోరి తండ్రి వైపు తిరిగింది.

"అమ్మ అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఫిబ్రవరిలో వద్దని నేను ఒక్క మాట అంటే ఆగిపోయేది," అన్నాడు సదయోషి. "అనలేదు. సాయంత్రం నువ్వు రైలు దిగి ఇంటికొస్తే బాగుంటుందనిపించింది. ఇక మీ అమ్మని అనడానికి నాకు నోరెక్కడిది?" కాస్త ఆగి, తనలో తాను పాఠం చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "మీ అమ్మది ఒక మాట. ఉకాయ్‌ది ఒక ఊహ. నేను నోరు మూసుకున్నాను. కమిటీలో తలా కాస్త తలూపి ఉంటారు. విడివిడిగా చూస్తే ఎవరిదీ పెద్ద నేరం కాదు. అన్నీ ఒకచోట చేరితే..."

"కంపు," అంది మినోరి.

అని, నేల మీద కూలబడిపోయింది. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోయినప్పుడు కూడా ఏడవని పిల్ల మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని ఏడ్చింది.

"ఆ లెక్క కోసం నాలుగేళ్ళు చచ్చాను నాన్నా. అది నిజంగానే బాగుందేమో. బాగుండే నాకిచ్చారేమో! కానీ ఇక నాకెప్పటికీ తెలియదు. నేను పనికొచ్చేదాన్నో కాదో ఇక ఎవరు చెప్తారు నాకు? ఎవరు చెప్పినా ఎలా నమ్మాలి?"

రిత్సుకోకు అప్పుడు అర్థమైంది. నెమొతో అన్నం గిన్నెలో చెయ్యి పెట్టడం ఒక్కటే కాదు తాను చేసింది. తన కూతురు ఊరూరా పెట్టె మోసి సంపాదించుకున్న ఒకే ఒక్క వస్తువును, తన పని మీద తనకున్న నమ్మకాన్ని, ముద్దుగా, ప్రేమగా, ఒక్క ఫోన్‌తో లాగేసుకుంది. అరచేయి ఆనించి పండు కందించినట్టు కందించింది.

"వద్దని రాసేస్తాను," అంది మినోరి కళ్ళు తుడుచుకొని.

"ఉండు," అనేసింది రిత్సుకో. పై గదిలో ముందురోజు సాయంత్రమే కట్టిన కొత్త కర్టెన్లు కళ్ళ ముందు మెదిలాయి. రోజూ సాయంత్రం గుమ్మంలో వినపడబోయే చెప్పుల చప్పుడు కూడా వినపడింది. ఇంత జరిగినా తన మనసు ఇంకా అక్కడే వేలాడుతోందని చూసుకొని ఆమెకు సిగ్గేసింది. "రాయి తల్లీ. కానీ ముందు నన్ను ఫోన్ చెయ్యనీ. నేను పంపిన కబురు నేనే వెనక్కి తీసుకోవాలి."

ఈసారి నేరుగా ఉకాయ్ ఆఫీసుకే చేసింది. స్పీకర్ పెట్టింది.

"అమ్మగారూ! పళ్ళు అందాయా?" అన్నాడు ఉకాయ్ ఉత్సాహంగా.

"అందాయి నాయనా. పళ్ళ సంగతి కాదు. డిసెంబరులో నేనన్న మాట తప్పు మాట. మా ఆయనకి తెలియకుండా నేనే అన్నాను. మీతో అలా అనకూడదు, మీరు వినకూడదు. మా అమ్మాయి ఆ ఉద్యోగం తీసుకోదు."

ఆమె ఫోన్లో వాతావరణం ఊసెత్తకుండా మాట్లాడడం బహుశా అదే మొదటిసారి.

"అర్థమైంది అమ్మగారూ," అన్నాడు ఉకాయ్. డిసెంబరులో అన్నదీ ఇదే మాట. అతను గొంతు తగ్గించాడు. "అయితే... ఎవరికి ఇమ్మంటారు?"

సదయోషి కళ్ళు మూసుకున్నాడు.

రిత్సుకో నాలుక చివర ఒక పేరు సిద్ధంగా ఉంది. ఒక్క పేరు, అంతే. సప్పొరోలో పాకే పిల్ల ఉంది. సిగ్గుపడుతూ అన్నం గిన్నె ముందుకు జరిపే కుర్రాడు ఉన్నాడు. న్యాయం కూడా అదే కదా! ఆమె కూతురి వంక చూసింది. మినోరి కళ్ళల్లో కూడా అదే పేరు కనిపించింది, అదే ఆశ కనిపించింది. అయినా మినోరి మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"నాకెవరూ తెలియదండీ," అంది రిత్సుకో, ఆ పేరును బలవంతాన మింగి. "వాళ్ళు రాసినవి చదవండి. చదివి, ఎవరిది బాగుంటే వాళ్ళకివ్వండి."

"అంతేనా అమ్మగారూ?" అన్నాడు ఉకాయ్, ఇంతకంటే కష్టమైన పని ఎవరూ చెప్పనట్టు.

"అంతే."

ఫోన్ పెట్టేశాక రిత్సుకో కుర్చీలో కూర్చుండిపోయింది. పొయ్యి మీద ఎర్ర అన్నం ఎవరి కోసమో ఉడికి సిద్ధంగా ఉంది. దాన్ని చూడడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"పెట్టమ్మా, ఆకలేస్తోంది," అంది మినోరి. "శుభం పోతే పోయింది, అన్నమేం చేసింది?"

సదయోషి లేచి, నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, తానే గిన్నెలు తీశాడు. కూతురి గిన్నెలో అన్నం మీద నువ్వుల ఉప్పు చల్లాడు. భార్య గిన్నెలో కూడా చల్లి, పక్కన కూర్చున్నాడు. రిత్సుకో తినబోయి, గిన్నెలోకి వంగి ఏడ్చింది. మినోరి తన చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, తల్లి వీపు మీద చెయ్యి వేసింది. క్షమించానని అనలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

పీచ్ పళ్ళను ఎవరూ ముట్టలేదు. ఆ వేడికి ముందు ఇల్లంతా కమ్మటి వాసన వేసింది, తరవాత పుల్లటి వాసన, చివరికి ఈగలు. చెత్త తీసుకెళ్ళే రోజున రిత్సుకో వాటిని సంచిలో మూటగట్టి, ముక్కు పక్కకు తిప్పుకొని వీధిలో పెట్టి వచ్చింది. కొట్టువాళ్ళ పిల్ల చేతులారా తిండి పారెయ్యడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆకులు పండే కాలానికి మినోరి తైపేకి వెళ్ళింది. మళ్ళీ పెట్టె ఉద్యోగమే. ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న సంగతి అది వచ్చేదాకా ఇంట్లో చెప్పలేదు, తల్లి కూడా అడగలేదు.

డిసెంబరులో హామ్ వచ్చింది. రిత్సుకో దాన్ని చూసి ఆశ్చర్యపోయింది, ఇక రాదనుకుంది. అదే రోజు ఫోన్ చేసింది. ఉకాయ్ భార్య గొంతు పొడిపొడిగా ఉంది. ఆ ఉద్యోగానికి మళ్ళీ ప్రకటన వేశారని, వచ్చినవన్నీ చదివి చదివి తన భర్త కళ్ళు పాడైపోయాయని చెప్పింది. ఎవరో హిరోషిమా ఆవిడను తీసుకున్నారట. "ముక్కూ ముఖం తెలియదు, ఎవరి శిష్యురాలో తెలియదు, ఎక్కడ పట్టుకొచ్చారో ఏమో!" అంది విసుగ్గా. తరవాత మర్యాదకు అడిగింది.

"అమ్మాయి ఇప్పుడెక్కడ చేస్తోందండీ?"

రిత్సుకో గొంతులో ఎన్నో మాటలు వరస కట్టాయి. వాటినన్నిటినీ వెనక్కి తోసేసింది.

"బాగుందండీ. ఇక్కడ చలి ముదిరింది. మీ దగ్గర ఎలా ఉంది?"

ఆ ఫోన్ పెట్టేసి తైపేకి చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"నెమొతోకి రాలేదా?" అంది మినోరి.

"రాలేదమ్మా. ఎవరో హిరోషిమా ఆవిడట. మీ ఉకాయ్ గారికి ఆవిడ ఎవరో కూడా తెలియదట. ఎవరి సిఫారసు మీదా వచ్చిన మనిషి కాదట."

అవతల నవ్వు వినపడింది, నవ్వులోంచి ఏడుపు వినపడింది, రెంటినీ కలిపి మినోరి గొంతు వినపడింది.

"అయితే చదివారన్నమాట అమ్మా. నిజంగా చదివారన్నమాట."

"అవునమ్మా," అంది రిత్సుకో కళ్ళు తుడుచుకుంటూ. "చదివారట."